ఇయాదత్ అందరిదీ, తీమార్‌దారీ ఒక్కరిదేనా?

ఉర్దూలో రెండు మాటలున్నాయి. ఒకటి ఇయాదత్. రోగిని చూడబోయి, కాసేపు కూర్చుని, ధైర్యం చెప్పి, దుఆ చేసి రావడం. రెండవది తీమార్‌దారీ. రోగిని కనిపెట్టుకుని ఉండి మందులు వేయడం, ఒళ్లు తుడవడం, పక్క మార్చడం, రాత్రిళ్లు మేలుకోవడం. మొదటిది అరగంటలో ముగుస్తుంది. రెండవది ఏళ్ల తరబడి సాగుతుంది. వయసుమళ్లిన తల్లిదండ్రుల విషయంలో నేడు మన ఇళ్లలో ఏం జరుగుతున్నదో గమనించండి. ఇయాదత్‌కు సంతానమంతా వస్తున్నారు. తీమార్‌దారీ మాత్రం ఒక్కరి నెత్తిన పడుతున్నది.

మేము నిత్యం తిరిగే ఉప్పల్, నాచారం బస్తీల్లో ఈ సంగతి మరింత స్పష్టంగా కనబడుతుంది. పారిశ్రామికవాడల్లో పని వెతుక్కుంటూ జిల్లాల నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలు ఇక్కడ ఎన్నో. వరంగల్ రహదారి మీది ఊరు కనుక భువనగిరి, జనగామ వైపు సొంతూళ్లలో ఉన్న పెద్దలకు జబ్బు చేస్తే బస్సెక్కించి ఉప్పల్‌లో దింపుతారు. ఇక ఆ రోజు నుంచి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం మొదలుకొని సమస్తమూ ఇక్కడున్న కొడుకుదో, కూతురిదో అవుతుంది. ఒక సోదరుడు గల్ఫ్‌లో ఉంటాడు, మరొకరు వేరే జిల్లాలో ఉద్యోగం. "దగ్గరున్నది నువ్వే కదా" అన్న ఒక్క మాటతో తక్కినవారి బాధ్యత తీరిపోయినట్లే భావిస్తారు.

ఏర్పాట్లు చూసే మనిషి కష్టం పైకి కనబడదు. గాంధీ ఆస్పత్రికి వెళ్లాలంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, పరేడ్ గ్రౌండ్ దగ్గర దిగి, నడవలేని తల్లిని రెండో రైలులోకి మార్చాలి. ఆ రోజు కూలి పోతుంది. రిపోర్టులు దాచాలి, మందులు అయిపోకముందే తేవాలి, మంచాన పడ్డవారికి పడక పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్క మార్చాలి. మతిమరుపు వ్యాధి అయితే కష్టం ఇంకా ఎక్కువ. మన దేశంలో 60 ఏళ్లు దాటినవారిలో నూటికి ఏడుగురికి పైగా, అంటే సుమారు 88 లక్షల మంది డిమెన్షియాతో ఉన్నారని 2023లో వెలువడిన దేశవ్యాప్త అధ్యయనం అంచనా వేసింది. ఇలాంటి రోగులను చూసుకునే కుటుంబాల కోసం అమెరికాలో 1981లో వెలువడిన ఒక పుస్తకానికి 'ముప్పై ఆరు గంటల రోజు' అని పేరు పెట్టారు. సేవ చేసేవారి రోజు ఇరవై నాలుగు గంటలతో ముగియదని దాని భావం.

ఇంత కష్టంలో ఉన్నవారిని మనం ఏమంటున్నాం? నెలకొకసారి వచ్చిన ఆడబిడ్డ దుప్పటి ఎత్తి చూసి, "అమ్మీ ఇంత చిక్కిపోయిందేమిటి భాభీ?" అంటుంది. విదేశం నుంచి ఫోను చేసిన అన్న, "మంచి డాక్టరుకు చూపించారా, లేదా?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నలో ప్రేమ ఉన్నదేమో కాని, వినేవారికి నింద వినబడుతుంది.

బనీ ఇస్రాయీల్ సూరాలో అల్లాహ్ తల్లిదండ్రుల ముసలితనాన్ని ప్రస్తావించి, వారి ముందు 'ఉఫ్' అన్న విసుగు మాట కూడా నోట రాకూడదని ఆదేశించాడు. ఈ ఆదేశం మనందరికీ కంఠస్థమే. అయితే ఒక్కసారి ఆలోచించండి. ఆ 'ఉఫ్' ఎవరి నోట వస్తుంది? పండుగకు వచ్చి పళ్లబుట్ట ఇచ్చి వెళ్లేవారి నోట రాదు. మూడు రాత్రులు నిద్రలేక, తెల్లవారి ఫ్యాక్టరీకి పరుగెత్తవలసిన కొడుకు నోట వస్తుంది. పిల్లలను బడికి పంపుతూ నాలుగోసారి పక్కబట్టలు ఉతుకుతున్న కోడలి నోట వస్తుంది. కనుక ఆ అలసటను పంచుకోవడమంటే తోబుట్టువును పాపం నుంచి కాపాడడం, తల్లిని ఆ మాట వినకుండా కాపాడడం. దూరాన ఉన్న సంతానానికి ఇది కూడా ఖిద్మతే.

కోడళ్ల విషయం దాచకుండా చెప్పుకోవాలి. అత్తమామల సేవను షరీఅత్ కోడలిపై విధిగా మోపలేదు. ఆమె చేస్తే అది ఎహ్సాన్, గొప్ప పుణ్యకార్యం. విధి సంతానానిది. నిరుపేద తల్లిదండ్రుల పోషణ కొడుకుల మీదా కూతుళ్ల మీదా సమానంగా ఉన్నదని హనఫీ ఫిఖహ్ గ్రంథం హిదాయా చెబుతున్నది. ఆశ్చర్యమేమిటంటే 2007లో మన పార్లమెంటు చేసిన తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ చట్టం కూడా బాధ్యుల జాబితాలో కొడుకును, కూతురిని, మనుమడిని, మనుమరాలిని చేర్చింది. కోడలిని చేర్చలేదు. అటువంటప్పుడు విధి లేని మనిషి చేస్తున్న సేవలో తప్పులు వెదకడం ఏ న్యాయం? ముందు ఆమెకు కృతజ్ఞత చెప్పవలసినవాడు భర్త, ఆ తర్వాత అతని అక్కచెల్లెళ్లు.

ఇంకొక అపోహ ఉన్నది. జీతానికి ఆయాను పెట్టుకుంటే "తల్లిని పరాయి చేతుల్లో పెట్టారు" అని లోకం ఆడిపోసుకుంటుంది. బరువైన రోగిని ఎత్తడం, గొట్టం ద్వారా ఆహారం ఇవ్వడం తెలిసినవారు చేయవలసిన పనులు. నమ్మకమైన మనిషిని వెదికి, జీతం ఇచ్చి, పని కనిపెట్టి చూడడం సేవ నుంచి తప్పుకోవడం కాదు. అదీ సేవలో భాగమే. ఆ జీతం అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు కలిసి భరించాలి.

మరి తోడ్పాటు ఎలా ఉండాలి? "ఏమైనా కావాలంటే చెప్పు" అనడం తోడ్పాటు కాదు. అడగడానికి మొహమాటపడతారు. ప్రతి నెలా ఒకే తేదీన ఇంత అని పంపండి. వారానికొక రాత్రి మీరు వచ్చి పడుకోండి. దగ్గరున్నవారికి ఏడాదిలో పది రోజులు సెలవిచ్చి, ఆ పది రోజులూ తల్లిని మీ ఇంట ఉంచుకోండి. చికిత్స గురించి పెద్ద నిర్ణయం వచ్చినప్పుడు అందరూ కలిసి తీసుకోండి. రేపు నింద కూడా అందరిదీ కావాలి.

కాగితాల పని దూరాన ఉన్నవారు కూడా చూడవచ్చు. ఇంట్లో ఒకరు ఈఎస్ఐ కార్మికులైతే, వారిపై ఆధారపడిన తల్లిదండ్రులకూ వైద్యం అందుతుంది. నాచారంలోనే ఈఎస్ఐ ఆస్పత్రి ఉన్నది. అయితే పెద్దల సొంత ఆదాయం పరిమితికి లోబడి ఉండాలి, పేర్లు ముందే నమోదై ఉండాలి. అవసరం పడ్డ రాత్రి పరుగెత్తితే లాభం లేదు. 70 ఏళ్లు నిండినవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఏటా 5 లక్షల రూపాయల వరకు వైద్యం అందించే ఆయుష్మాన్ భారత్ పథకాన్ని కేంద్రం 2024 అక్టోబర్ 29న ప్రారంభించింది. ఏ ఆస్పత్రిలో చెల్లుతుందో విచారించి పెట్టుకోండి. వృద్ధుల సమస్యలపై సలహాకు 14567 నంబరు ఉన్నది, ఫోనుకు ఖర్చు లేదు. సంతానం పూర్తిగా చేతులెత్తేస్తే 2007 చట్టం కింద ట్రిబ్యునల్‌కు దరఖాస్తు పెట్టుకునే హక్కు తల్లిదండ్రులకు ఉన్నది. ఏ ఇంటికీ ఆ దశ రాకూడదని మా కోరిక.

మొహల్లాకూ ఇందులో వంతు ఉన్నది. జుమా నమాజుకు వెళ్లలేని మనిషి రోగి ఒక్కడే కాదు. రోగిని విడిచి రాలేని కొడుకు కూడా ఉంటాడు. పక్కింటివారు రెండు గంటలు కూర్చుంటే అతడు జమాఅత్‌లో నిలబడతాడు, ఆమె తన పుట్టింటికి వెళ్లి వస్తుంది.

ఈ శుక్రవారం మీ తల్లిదండ్రులను చూసుకుంటున్న తోబుట్టువుకు ఫోను చేయండి. అమ్మీ ఎలా ఉందని తర్వాత అడగవచ్చు. ముందు, "నువ్వెలా ఉన్నావు? నిన్న రాత్రి నిద్రపోయావా?" అని అడగండి. వచ్చే జవాబును బట్టి మీరు ఏ రాత్రి వెళ్లాలో మీకే తెలుస్తుంది.