నాయకునికి తగిన నియమావళి

పాత్రపోషణ క్రీడలో ఆటగాళ్లు తలా ఒక పాత్రను ధరించి, సంభాషణలతో కథను నడుపుతారు. తలపెట్టిన కార్యం ఫలించినదీ లేనిదీ తేల్చేది నియమావళి. విక్టోరియా మహారాణి కాలపు (1837–1901) ఆంగ్ల కథానాయకులతో ఆడదలచినవారు ముందుగా ఆ నాయకుని బలమేదో గుర్తించాలి.

షెర్లాక్ హోమ్స్ బలం సూక్ష్మపరిశీలన. పాచిక ప్రతికూలంగా పడినంత మాత్రాన ఆధారం దొరకకపోతే, అంతటి మేధావి కూడా మూఢునిగా కనబడతాడు, కథ ఆగిపోతుంది. రాబిన్ లాస్ రూపొందించిన ‘గమ్‌షూ’ పద్ధతిలో తగిన నైపుణ్యంతో వెదికినవారికి ముఖ్యమైన ఆధారం తప్పక లభిస్తుంది. దాని అర్థాన్ని ఊహించడమే ఆటగాళ్ల పని.

‘డ్రాక్యులా’ (1897) నవలలోని వాన్ హెల్సింగ్ బలం మనోధైర్యం. 1981లో వెలువడిన ‘కాల్ ఆఫ్ కథుల్హు’ క్రీడ మనఃస్థైర్యాన్ని అంకెలతో కొలుస్తుంది. భీకర దృశ్యాలు చూసినకొద్దీ అది తరుగుతుంది. 1986 నాటి దాని అనుబంధ గ్రంథం 1890ల ఇంగ్లండును రంగస్థలంగా అందించింది.

వేషభాషలను ఏ క్రీడలోనైనా కూర్చవచ్చు. నాయకుని స్వభావాన్ని నిలబెట్టగల నియమాలను ఎన్నుకోవడమే అసలైన విజ్ఞత.