ఇంటి నుంచి పని: మీ బల్లకు ఎన్ని అంగుళాల మానిటర్ సరిపోతుంది?

హౌరా దాకా రైల్లో వెళ్ళిన తెలుగువారిలో చాలామంది టికియాపారాను చూసే ఉంటారు, పేరు గుర్తుండకపోవచ్చు. ఖరగ్‌పూర్ వైపు నుంచి వచ్చే దారిలో హౌరాకు ముందు వచ్చే చివరి స్టేషన్ అదే. ప్లాట్‌ఫారం ఖాళీ కాలేదని రైలు కాసేపు ఆగిపోయినప్పుడు కిటికీలోంచి లోకల్ రైళ్ళ కార్ షెడ్ కనిపిస్తుంది. ఆ చుట్టుపక్కల బెలిలియస్ రోడ్డు వైపు వెళితే లేత్ మిషన్ల షెడ్లు, వాటి మధ్య ఒకదాన్నొకటి ఆనుకుని కట్టిన ఇళ్ళు.

కోల్‌కతా ఐటీ కంపెనీలు ఎక్కువగా ఉన్న సాల్ట్ లేక్ సెక్టార్ 5 నగరానికి తూర్పు చివర ఉంది. హౌరా మైదాన్ నుంచి అక్కడికి 2025 ఆగస్టులో మెట్రో పూర్తిగా అందుబాటులోకి వచ్చింది. అయినా వారంలో రెండు మూడు రోజులు ఇంటి నుంచే పని చేసే పద్ధతి చాలా కంపెనీల్లో కొనసాగుతోంది. అంటే టికియాపారా లాంటి చోట కూడా మంచం, బీరువా పోగా మిగిలిన జాగాలో ఒక ఆఫీసును ఇరికించాలి.

ఇది ఒక్క హౌరా సంగతే కాదు. అమీర్‌పేటలో అద్దె పోర్షనైనా, విశాఖలో కంచరపాలెం ఇల్లయినా, ఖరగ్‌పూర్‌లో తరతరాలుగా ఉంటున్న తెలుగు రైల్వే కుటుంబాల ఇళ్ళయినా సమస్య ఒక్కటే. లాప్‌టాప్ మీద రోజంతా వంగి పని చేస్తే మెడ పట్టేస్తుంది. మానిటర్ కొందామని వెళితే 24, 27, 32 అంగుళాలు వరసగా కనిపిస్తాయి. ఇంకొంచెం పెడితే పెద్దది వస్తుంది కదా అనిపిస్తుంది. తీరా ఇంటికి తెచ్చి మూరెడు బల్ల మీద పెట్టాక, అది ముఖం మీదికి వచ్చినట్టు ఉంటుంది.

ఏ సైజు కొనాలో షాపులో తేలదు. ఇంట్లో టేపు పట్టుకుంటే తేలుతుంది.

పెట్టె మీద ఉన్న సెంటీమీటర్లు చూడండి

మానిటర్ సైజు అంటే తెర ఒక మూల నుంచి ఎదురు మూలకు ఉండే దూరం. మనం అంగుళాల్లో మాట్లాడుకుంటాం గానీ, మన దేశంలో అమ్మే మానిటర్ల పెట్టెల మీద సెంటీమీటర్లు కూడా ఉంటాయి. 24 అంగుళాలని పిలిచేది చాలాసార్లు 23.8 అంగుళాలే, అంటే సుమారు 60 సెంటీమీటర్లు. 22 అని పిలిచేది 21.5 అయితే సుమారు 55. 27 అంగుళాలు 68.6 సెంటీమీటర్లు. 32 అనేది 31.5 అయితే 80.

ఈ సెంటీమీటర్ల సంఖ్యనే ఒక మోటు లెక్కగా వాడుకోవచ్చు. కంటికీ తెరకూ మధ్య కనీసం అంత దూరం ఉండాలి. 60 సెంటీమీటర్ల తెరకు 60 సెంటీమీటర్లు, 80 సెంటీమీటర్ల తెరకు 80. అంత దూరంలో కూర్చుంటే ఏ సైజు తెరైనా చూపులో దాదాపు ఒకే వెడల్పున, 47 డిగ్రీల మేర పరుచుకుంటుంది. తల పెద్దగా తిప్పకుండా ఈ కొస నుంచి ఆ కొస దాకా చదవవచ్చు. అదే 32 అంగుళాల తెరను 45 సెంటీమీటర్ల దూరంలో పెడితే ఆ వెడల్పు 76 డిగ్రీలవుతుంది. ఎడమ మూలన మెనూ, కుడి మూలన గడియారం చూడటానికి రోజంతా తల తిప్పుతూ ఉండాల్సిందే.

అమెరికా వృత్తి భద్రతా సంస్థ ఓషా కంప్యూటర్ పనికి సూచించే దూరం 20 నుంచి 40 అంగుళాలు, అంటే సుమారు 50 నుంచి 100 సెంటీమీటర్లు. పై లెక్క ఆ హద్దుల్లోనే ఉంది. టేపు లేకపోతే కుర్చీలో వీపు ఆనించి కూర్చుని చేయి చాచండి. వేళ్ళ కొసలు తెరకు తగిలీ తగలనట్టు ఉంటే 24 అంగుళాలకు ఆ దూరం సరిపోతుంది.

బల్ల లోతును బట్టి సైజు

ఒక చిన్న గది అనుకుందాం. గోడకు ఆనించిన మడత బల్ల లోతు మూరెడు, అంటే 45 సెంటీమీటర్లు. స్టాండు మీద నిలబెట్టిన మానిటర్ తెర గోడకు సుమారు 12 సెంటీమీటర్లు ముందుకు వస్తుంది. కూర్చున్నప్పుడు మన కళ్ళు బల్ల అంచుకు సుమారు 15 సెంటీమీటర్లు వెనక ఉంటాయి. 45లో 12 తీసేసి 15 కలిపితే కంటికీ తెరకూ దూరం 48 సెంటీమీటర్లు. 22 అంగుళాల తెరకు కావలసిన 55 కూడా ఇక్కడ లేదు.

అదే బల్ల దగ్గర మానిటర్‌ను స్టాండు తీసేసి గోడకు బిగిస్తే తెర గోడకు నాలుగు సెంటీమీటర్లలో ఉంటుంది. దూరం 56కు పెరుగుతుంది. 22 అంగుళాలకు హాయిగా సరిపోతుంది, 24కు దాదాపు సరిపోతుంది. గోడకు బిగించాక బల్లను ఐదారు సెంటీమీటర్లు ఇవతలికి జరిపితే 24కు కూడా లోటుండదు.

బల్ల లోతు రెండడుగులు, అంటే 60 సెంటీమీటర్లు ఉంటే స్టాండుతోనే 63 వస్తుంది. 24 అంగుళాలు నిశ్చింతగా కొనుక్కోవచ్చు. రెండున్నర అడుగులుంటే 78 వస్తుంది. 27కు అది చాలు. 32 కావాలంటే ఆ బల్లకు కూడా గోడ బిగింపో, మానిటర్ ఆర్మో అవసరం.

గోడకు బిగించాలంటే మానిటర్ వెనక వెసా రంధ్రాలు ఉండాలి. ఇవి సాధారణంగా 75 లేదా 100 మిల్లీమీటర్ల ఎడంలో నాలుగుంటాయి. చవక మానిటర్లలో కొన్నింటికి ఇవి ఉండవు కాబట్టి కొనేముందే వెనక్కు తిప్పి చూసుకోండి. అద్దె ఇంట్లో అయితే గోడకు కన్నాలు పెట్టే ముందు ఇంటివాళ్ళను అడగాలి. ఆర్మ్ బల్ల అంచునే పట్టుకుంటుంది కాబట్టి ఆ తంటా లేదు. కానీ పల్చటి చెక్క బల్లలు ఆ బరువుకు విరిగే ప్రమాదముంది.

వెడల్పు కూడా కొలవండి. 24 అంగుళాల తెర వెడల్పు సుమారు 53 సెంటీమీటర్లు, 27ది 60, 32ది 71. చుట్టూ ఉండే అంచు దీనికి అదనం. రెండు 24 అంగుళాల మానిటర్లు పక్కపక్కన పెడితే 106 సెంటీమీటర్లు దాటుతుంది. మూడడుగుల బల్ల మీద అవి పట్టవు. అలాంటి చోట ఒక 24 అంగుళాల మానిటర్ ఎదురుగా పెట్టుకుని, లాప్‌టాప్‌ను పక్కన రెండో తెరగా వాడుకోవడం మేలు.

తెలుగు చదివేవాళ్ళు అదనంగా చూడాల్సినది

సైజు తర్వాతి ప్రశ్న రిజల్యూషన్. తెర మీద చుక్కలు ఎన్ని ఉన్నాయన్నదే రిజల్యూషన్. ఫుల్ హెచ్‌డీ అంటే అడ్డంగా 1920, నిలువుగా 1080 చుక్కలు. ఈ చుక్కలే 24 అంగుళాల తెర మీద అంగుళానికి సుమారు 92 వస్తాయి. 27 మీద 82కు, 32 మీద 69కి పడిపోతాయి. తెర పెరిగింది గానీ చుక్కలు పెరగలేదు, ఉన్నవే లావయ్యాయి.

దూరం నుంచి చూస్తే ఈ తేడా తెలియదు. 32 అంగుళాల ఫుల్ హెచ్‌డీ తెరను 80 సెంటీమీటర్ల నుంచి చూస్తే, 24 అంగుళాలను 60 నుంచి చూసినంత నున్నగానే ఉంటుంది. చిన్న బల్ల ముందు 50 సెంటీమీటర్ల నుంచి చూసినప్పుడే అక్షరాల అంచులు రంపపు పళ్ళలా కనిపిస్తాయి.

ఇంగ్లీషు అక్షరాలు దీన్ని కొంతవరకు తట్టుకుంటాయి. తెలుగుకు అది కష్టం. మన లిపిలో ద, థ, ధ ల మధ్య తేడా లోపలి చుక్క, కింది గీత మాత్రమే. ప, ఫ ల మధ్యా అంతే. పైన గుడి, కింద ఒత్తు చేరితే ఒక్క వరుసలోనే రెండు మూడు అంతస్తులు. 'స్త్రీ', 'లక్ష్మి', 'స్వాతంత్ర్యం' లాంటి మాటలు చిన్న సైజులో ముద్దగా కనిపించడం మొదలయ్యేది ఇక్కడే. తెలుగులో రాసేవారు, అనువాదకులు, ప్రూఫులు దిద్దేవారు, పాఠాలు తయారు చేసే టీచర్లు చుక్కల లెక్కను తేలిగ్గా తీసుకోకూడదు.

కాబట్టి 24 అంగుళాల దాకా ఫుల్ హెచ్‌డీ చాలు. 27కు వెళితే క్యూహెచ్‌డీ, అంటే 2560 బై 1440 తీసుకోండి. అంగుళానికి సుమారు 109 చుక్కలు వస్తాయి. 32 అంగుళాలను దగ్గర నుంచి చదవాల్సి వస్తే 4కె మంచిది. అప్పుడు అంగుళానికి సుమారు 138. అయితే 4కెలో అక్షరాలు మరీ చిన్నవవుతాయి కాబట్టి విండోస్‌లో 150 శాతానికి పెంచుకోవాలి. పాత లాప్‌టాప్‌లో హెచ్‌డీఎంఐ 1.4 ఉంటే 4కె చిత్రం సెకనుకు 30 సార్లే మారుతుంది, మౌస్ బాణం ఈడ్చుకుంటూ వస్తున్నట్టు ఉంటుంది. కొనేముందు మీ లాప్‌టాప్ 4కెను 60 హెర్ట్జ్‌తో ఇవ్వగలదా అన్నది సరిచూసుకోండి.

ఇంట్లో 32 అంగుళాల టీవీ ఉంది కదా, దానికే కలిపేద్దాం అనుకునేవారికి ఒక హెచ్చరిక. ఆ సైజు చవక టీవీల్లో చాలావాటికి 1366 బై 768 చుక్కలే ఉంటాయి. అంగుళానికి 49. సోఫాలోంచి సినిమాకు బాగుంటుంది, బల్ల దగ్గర ఎక్సెల్ షీటుకు పనికిరాదు.

నలభై దాటితే ఎత్తు ముఖ్యం

తెర పై అంచు కంటి మట్టానికి గానీ, కొంచెం కిందికి గానీ ఉండాలన్నది సాధారణ సూత్రం. 24 అంగుళాల తెర ఎత్తు సుమారు 30 సెంటీమీటర్లు, 32ది 40. పెద్ద తెరను స్టాండు మీద నిలబెడితే పై భాగం కంటికి మీదుగా పోతుంది.

బైఫోకల్, ప్రోగ్రెసివ్ అద్దాలు వాడేవారికి ఇది మరింత ఇబ్బంది. దగ్గరివి చదివే భాగం అద్దంలో కింద ఉంటుంది కాబట్టి, తెర పైభాగం చదవడానికి వాళ్ళు గడ్డం ఎత్తుతారు. సాయంత్రానికి మెడ నొప్పి. వీరు చిన్న తెర ఎంచుకోవడం, దాన్ని కిందికి దించి కాస్త వెనక్కు వంచడం మంచిది. కంప్యూటర్ దూరానికి విడిగా అద్దాలు కావాలేమో కంటి డాక్టరును అడగవచ్చు.

డబ్బు సంగతి

2019 జనవరి నుంచి 32 అంగుళాల దాకా మానిటర్లకు 18 శాతం, అది దాటితే 28 శాతం జీఎస్టీ ఉండేది. 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్దవాటికి కూడా 18 శాతమే. పన్ను తగ్గడంతో పెద్ద తెర మీద ఆశ పెరగడం సహజం. మీ బల్ల లోతు మాత్రం పెరగలేదు.

సొంత డబ్బు పెట్టే ముందు కంపెనీని అడగండి. సెజ్‌లలోని యూనిట్ల కోసం కేంద్ర వాణిజ్య శాఖ 2022 జులైలో తెచ్చిన వర్క్ ఫ్రం హోమ్ నిబంధన 43ఎ ప్రకారం, ఇంటి నుంచి పనికి కావలసిన పరికరాలు, సురక్షితమైన కనెక్షన్ యూనిటే సమకూర్చాలని అప్పట్లో ఉండేది. సెజ్ బయటి కంపెనీల్లో కూడా కొన్ని మానిటర్ ఇస్తాయి. అడగకపోతే ఆ సంగతి తెలియదు.

సెకండ్ హ్యాండ్ కొనాలనుకుంటే కోల్‌కతాలో చాందినీ చౌక్, సికింద్రాబాద్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ లాంటి చోట్లకు మీ లాప్‌టాప్, కేబుల్ వెంట తీసుకెళ్ళండి. తెల్లటి పేజీ, నల్లటి పేజీ తెరిచి మరకలు, చచ్చిన చుక్కలు ఉన్నాయేమో చూడండి. తర్వాత ఒక తెలుగు పేజీ తెరిచి, ఇంట్లో కూర్చునే దూరంలోనే నిలబడి చదవండి.

షాపుకు వెళ్ళే ముందు ఇంట్లో ఒక పని చేయండి. పెద్ద సైజు దినపత్రిక ఒక పేజీని అడ్డంగా తిప్పితే సుమారు 24 అంగుళాల తెరంత ఉంటుంది. దాన్ని బల్ల ఎదురుగా, తెర ఉండబోయే చోట నిలబెట్టండి. 27 కావాలనుకుంటే 60 బై 34 సెంటీమీటర్లు, 32 అయితే 71 బై 40 అట్ట ముక్క కత్తిరించండి. దాని ముందు అరగంట కూర్చుని మూల నుంచి మూలకు చూడండి. తల తిప్పాల్సి వస్తుంటే ఒక సైజు తగ్గించి కొనండి. మిగిలిన డబ్బు గోడ బిగింపుకో, మంచి కుర్చీకో వస్తుంది.