వేకువ ప్రార్థన – ఒంగోలు కొండ సాక్ష్యము



కోడికూతకే లేచుట మన పల్లె కుటుంబములకు క్రొత్త కాదు. వాకిలి ఊడ్వవలెను, పాలు పితకవలెను, ఎండ ముదరకముందే పొలము చేరవలెను. ఇన్ని పనులకు చోటున్న వేకువలో ప్రార్థనకు చోటున్నదా?

ప్రొద్దుగ్రుంకిన తరువాత కూడ రోగులను స్వస్థపరచిన మన ప్రభువు, మరునాడు ఇంకను చీకటి యుండగానే లేచి ఏకాంతముగా ప్రార్థించెనని మార్కు 1:35లో చూచుచున్నాము. ఆయనకును అలసట యుండెను. అయినను ఆ గడియను విడువలేదు.

మన తెలుగు దేశములోనే దీనికి ఒక సాక్ష్యమున్నది. 1853లో, విశ్వాసులు బహు కొద్దిమందే యున్నారని, నెల్లూరులోని బాప్టిస్టు మిషన్‌ను మూసివేయుదమా అని అమెరికాలో చర్చ జరిగెను. ఆ మరుసటి ఏడు, 1854 జనవరి 1న తెల్లవారుజామున, జూయెట్ దొరగారు, దొరసానిగారు, వారితో ముగ్గురు విశ్వాసులు ఒంగోలులోని కొండ ఎక్కిరి. ఆ ముగ్గురిలో జూలియా, రూతు అను స్త్రీలిద్దరుండిరి. ఒంగోలుకు ఒక సేవకుని పంపుమని వారు దేవుని వేడుకొనిరి. నేటికిని అది ప్రార్థన కొండయే.

జవాబు మరునాడు రాలేదు. 1862లో జూయెట్ దొరగారు ఆరోగ్యము చెడి అమెరికా వెళ్ళిరి. మిషన్‌ను మూయుదమను మాట మరల వచ్చినను వారు ఒప్పుకొనలేదు. 1865లో క్లౌ దొరగారిని వెంటబెట్టుకొని తిరిగి వచ్చిరి. 1866లో క్లౌ దొరగారు ఒంగోలులో కాపురముండిరి. 1867 జనవరి 1న, కొండమీది ప్రార్థనకు సరిగా పదమూడేండ్లకు, ఎనిమిది మందితో అక్కడ సంఘము ఏర్పడెను.

1876-78 కరువులో క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువ పనిలో కొంత భాగము గుత్తకు తీసుకొని వేలమందికి కూలి కల్పించిరి. అన్నము కొరకు విశ్వాసమను నింద రాకుండ, కరువు కాలమందు బాప్తిస్మములు ఆపిరి. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్కదినమే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ప్రియులారా, మనము పదిదినములు ప్రార్థించి పదకొండవ దినమున విసుగుచున్నాము. భర్త త్రాగుడు మానలేదని, కుమారునికి పని దొరకలేదని మోకాళ్ళు ఎత్తివేయుచున్నాము. ఆ అయిదుగురు అడిగినది పండ్రెండేండ్లకు గాని కనబడలేదు.

వేకువ ప్రార్థన చట్టము కాదు. రోగులు, బాలింతలు, రాత్రి నీళ్ళు కట్టి వచ్చినవారు తమకు వీలైన గడియలో ప్రార్థించుదురు గాక. మిగిలినవారము పనులు మొదలుపెట్టకముందు పది నిమిషములు ఇంటిల్లిపాది కూర్చుందము. చదువు వచ్చిన బిడ్డ ఒక కీర్తన చదువవలెను. రాత్రి మాటామాటా అనుకొన్నవారుంటే ముందుగా సమాధానపడవలెను. ఇంటి అక్కర ఒకటి, ఊరి అక్కర ఒకటి పేరుపెట్టి అడుగవలెను. వాటిని బైబిలులో ఒక కాగితముపై తేదీతో వ్రాసి పెట్టుకొనుడి. జవాబు వచ్చిన దినమున ఆ తేదీ చూచి మన పిల్లలు దేవుని స్తుతించుదురు.