కువైటు వీసాయు గుమ్మఘట్ట పొయ్యియు

గత వేసవిలో నొక మధ్యాహ్నము గుమ్మఘట్టలోని మా యింటికి పొరుగు వీధి సోదరి యొకతె క్రొత్త పాసుపోర్టును కొంగున ముడివేసికొని వచ్చినది. "అక్కా, ఏజెంటు నన్ను కువైటుకు పంపుతానంటున్నాడు. ఈ కాగితంలో ఏముందో కాస్త చదివి చెప్పు" అని యడిగినది. ఆమెకు 27 ఏండ్లు, ఇద్దరు బిడ్డలు. భర్త బెంగుళూరులో కట్టడపు పనికి పోవును. వేరుసెనగ వరుసగా రెండేండ్లు ఎండిపోగా, నీరు పడని బోరునకు చేసిన యప్పు మాత్రము పచ్చగా నున్నది.

కాగితము చదివితిమి. అది పనిచేయుటకిచ్చిన వీసా కాదు, చూచి పోవుటకిచ్చినది.

మా సీమను గూర్చి యెరుగని సోదరీమణులకొక మాట. అనంతపురము జిల్లాలో నేడాదికి కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియైనను అదను తప్పి కురియును. వేదవతిపై భైరవానితిప్ప జలాశయము కలదు గాని, పైనుండి నీరు రాని యేడు అందులో పశువులు మేయును. ఇట్టి చోటినుండి జనులు కదలుట వింత కాదు. ఎక్కడికి, ఏ షరతులపై కదలుదురనునది మాత్రము వారి చేతిలో లేదు. దానిని దూరదేశముల చట్టములు నిర్ణయించుచున్నవి.

కువైటు 1946లో చమురు నెగుమతి చేయ నారంభించినది. ధనము పొంగినది, జనము చాలలేదు. కావున పరదేశీయులను పిలిచినది. నేడచ్చటి జనములో మూడింట రెండు వంతుల వరకు పరదేశీయులే. అయితే పిలుచుట వేరు, నిలుపుకొనుట వేరు. వచ్చిన ప్రతివారికి నొక యజమాని పూచీ యుండవలెను. అతనిని కఫీలందురు. ఇంటిపనికి పోవువారిది ఇరువదియవ నంబరు వీసా. మనవారు దానిని ఖాదిం వీసా యని పిలుతురు. ఆ వీసాతో పోయిన స్త్రీ కఫీలు సమ్మతి లేక వేరొక యింటికి మారుట కష్టము.

ఇందులోని యర్థశాస్త్రము గృహిణులకు వేరుగ బోధింప నక్కరలేదు. మన యింటి పనిమనిషి, ఎదురింటివారు నూరు రూపాయలెక్కువ యిత్తుమనినచో మనలను హెచ్చింపుమని యడుగును. ఎదురింటికి పోరాదను కట్టడి యున్నచో నేమని యడుగగలదు? కువైటులో నింటిపని చవుకగా నుండుటకు వీసాలోని యా ముడియు నొక కారణము. ఆ చవుక వలన నచ్చటి గృహిణులనేకులు నిశ్చింతగా ఉద్యోగములకు పోవుచున్నారు. పసివారిని వృద్ధులను చూచుకొను భారమును ప్రభుత్వము మోయ నక్కరలేకున్నది. చమురు లెక్కలలో నీ లాభము కనబడదు.

2015లో నా దేశము ఇంటిపనివారికై ప్రత్యేక చట్టము చేసినది. దినమునకు 12 గంటలకు మించని పని, వారమున కొకనాడు సెలవు అందు కలవు. పిమ్మట కనీస వేతనము 60 దినారులని నిర్ణయించిరి. మంచిదే. కాని నాలుగు గోడల నడుమ గంటలు లెక్కించువారెవరు? తాళలేక యిల్లు విడిచినవారు వెంటనే నేరస్థులగుదురు. మనవారు దీనిని ఖల్లివల్లి యగుట యందురు. వారు దొంగచాటుగా పనిచేయుదురు. ఎవరైన కూలి యెగవేసినను ఫిర్యాదు చేయలేరు. అట్టివారు పెరిగినపుడు ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించును. 2018లోను, 2024లోను అట్లే చేసినది. 2024లోనే రెండు నెలలపాటు ఇంటిపనివారిని బజారు పనులకు మారనిచ్చినది. అప్పుడును కఫీలు సమ్మతి వలసినదే!

మన ప్రభుత్వమును ఊరకుండలేదు. 1983 నాటి వలస చట్టము క్రింద, ముప్పది యేండ్లు నిండని స్త్రీ యిట్టి దేశములకు ఇంటిపనికి పోరాదని నియమించినది. 2016లో ప్రభుత్వ సంస్థల ద్వారానే పంపవలెననినది. ఉద్దేశము రక్షణయే. అయినను ముందు తలుపు మూసిన యింటికి పెరటి దారి యేర్పడినట్లు, ఏజెంట్లు చూచి పోవు వీసాలను కనిపెట్టిరి. ఆ దారిని పోయినవారికి నిరుదేశముల చట్టములును అండ కావు. నిషేధము కంటె పదవ తరగతి చదువును, కూలి వ్రాసిన ఒప్పంద పత్రమును ఎక్కువ కాపాడునని మా యభిప్రాయము.

ఆ డబ్బు మనకును చిన్నది కాదు. 1990లో ఇరాకు కువైటును ఆక్రమించినపుడు సుమారు 1,70,000 మంది భారతీయులను విమానములపై తెచ్చిరి. చమురు ధర పెరిగి, వారు పంపు సొమ్ము ఆగుటయు 1991లో మన దేశము బంగారము కుదువబెట్టుటకు గల కారణములలో చేరినది.

ఇదంతయు మేమా సోదరికి చెప్పలేదు. వీసా సంగతియు, వయసు నియమమును మాత్రము చెప్పితిమి. ఆమె వ్రేళ్లు మడచి లెక్క చూచుకొన్నది. "మూడేండ్లాగాలంటావు. వడ్డీ ఆగుతుందా అక్కా?" అన్నది. మేము బదులు చెప్పలేకపోతిమి. ప్రభుత్వ సంస్థలో విచారింపవలసిన ప్రశ్నలను కాగితముపై వ్రాసి యిచ్చితిమి.

శుక్రవారము నాడు ఏజెంటు పాసుపోర్టుకై వచ్చునట. దానిని మా పెట్టెలో దాచుమని యిచ్చి, చీకటి పడకమున్నే మేకలను తోలుకొని వచ్చుటకు పోయినది.