విత్తన ప్యాకెట్‌పై లాట్ నంబర్ చెరిగిపోతోందా? నకిలీ అని అప్పుడే అనుకోవద్దు.. అసలు కారణం ఇదీ!

పల్నాడులో మిర్చి విత్తనం కొనే రైతుకి అందరూ చెప్పే మాట ఒకటే.. బిల్లు, ఖాళీ ప్యాకెట్ పారేయొద్దు అని. మొలక రాకపోయినా, కాపులో తేడా వచ్చినా ఫిర్యాదుకి ఆధారం అవే. మరి ప్యాకెట్ మీద మిరపకాయ బొమ్మ చెక్కుచెదరకుండా ఉండి, లాట్ నంబర్ మాత్రం వేలితో రుద్దగానే పోతే? అనుమానం రావడం సహజం. కానీ ఒక్కోసారి తప్పు ప్లాస్టిక్‌దే.

పాలిథిన్, పాలీప్రొపిలీన్ ప్లాస్టిక్‌కి ఇంకు పట్టదు. నీటిబొట్టు వేసి చూడండి, పరుచుకోకుండా గుండ్రంగా నిలబడుతుంది. అందుకే ప్రింటింగ్‌కి ముందు ఫిల్మ్‌కి 'కరోనా ట్రీట్‌మెంట్' చేస్తారు (వైరస్‌కీ దీనికీ సంబంధం లేదండోయ్!). వేల వోల్టుల కరెంటుతో గాలినే ప్లాస్మాగా మార్చి ఫిల్మ్‌ని దాని కింద నడిపిస్తారు. ఆక్సిజన్ పైపొరకి అతుక్కుంటుంది, ఇంకు పట్టు దొరుకుతుంది. ఈ మార్పు జరిగేది కొన్ని నానోమీటర్ల లోతులోనే. అంటే వెంట్రుక మందంలో దాదాపు పదివేలో వంతు!

ఈ పట్టుని డైన్లలో కొలుస్తారు. మామూలు పాలిథిన్ 31 దగ్గర ఉంటుంది. ప్రింటింగ్‌కి కనీసం 38 కావాలంటారు.

చిక్కేంటంటే, ఇది శాశ్వతం కాదు. ప్లాస్టిక్ బయటికి గట్టిగా కనిపించినా లోపల అణువుల గొలుసులు కదులుతూనే ఉంటాయి. ఆక్సిజన్ అతుక్కున్న భాగాలు మెల్లగా లోపలికి తిరిగిపోతాయి. దీనికి తోడు, కవర్లు ఒకదానికొకటి అంటుకోకుండా తయారీలో కలిపే జారుడు పదార్థం మైనంలా పైకి తేలుతుంది. మొదటి కొన్ని రోజుల్లో పట్టు వేగంగా పడిపోతుంది, తర్వాత నెమ్మదిస్తుంది. పూర్తిగా మొదటికి మాత్రం సాధారణంగా రాదు.

వేడి ఉంటే ఇదంతా ఇంకా త్వరగా జరుగుతుంది. రెంటచింతల ఎండల గురించి మనకి కొత్తగా చెప్పాలా? అలాంటి వేసవిలో రేకుల గోడౌన్‌లో ఉన్న ఫిల్మ్ రోల్ త్వరగా పాతబడుతుంది.

బొమ్మ ఎందుకు పోదంటే.. దాన్ని ట్రీట్‌మెంట్ తాజాగా ఉన్నప్పుడే వేస్తారు, చాలా ప్యాకెట్లలో అది రెండు పొరల మధ్య ఉంటుంది. ఒకసారి ఇంకు పట్టాక ఫిల్మ్ పాతబడినా పెద్దగా నష్టం లేదు. లాట్ నంబర్, తేదీ మాత్రం ప్యాకింగ్ రోజున పైనే కొడతారు. అప్పటికి ఫిల్మ్ వయసు నెలల్లో ఉండొచ్చు.

ప్రింటర్లకి దీనికి ఉపాయం ఉంది. డైన్ పెన్నుతో గీత గీసి చూస్తారు. గీత రెండు సెకన్లు అలాగే నిలిస్తే ఓకే, బొట్లుబొట్లుగా విడిపోతే మళ్లీ ట్రీట్‌మెంట్. అలాగని ఎక్కువ చేసినా ప్రమాదమే. పైపొర ముక్కలై, ఇంకుతో సహా ఊడొస్తుంది.

రైతు చేతిలో పెన్ను ఉండదు కానీ ఫోన్ ఉంటుంది. కొన్న రోజే, షాపు దగ్గరే ప్యాకెట్ రెండు వైపులా ఫొటో తీసుకోండి. బిల్లులో రాసిన లాట్ నంబర్, ప్యాకెట్ మీద నంబర్ ఒకటేనా చూసుకోండి. అప్పటికే నంబర్ చదవడానికి రాకపోతే ఆ ప్యాకెట్ తీసుకోకుండా వేరేది అడగండి.