మెట్టసీమలో చెల్లని బిళ్ళలు

2010 డిసెంబరు 20వ తేదీన కేంద్రప్రభుత్వము వెలువరించిన యొక ప్రకటనతో పావలాకు ఆయువు తీరినది. 1906 నాటి నాణెముల చట్టములోని 15ఏ విభాగము ననుసరించి, పావలాయు దానికి దిగువనున్న సమస్త నాణెములును 2011 జూన్ 30 మొదలు చెల్లవనియు, అంతకు ముందుగా, అనగా జూన్ 29వ తేదీన బ్యాంకులు పని ముగించులోపుగా, చిల్లర నాణెముల డిపోలు గల శాఖలయందో రిజర్వు బ్యాంకు కార్యాలయములయందో వానిని ఒప్పగించి సరియగు సొమ్ము పుచ్చుకొనవలసినదనియు దాని సారాంశము. ఒక పైస, రెండు, మూడు, ఐదు, పది, ఇరువది, ఇరువదియైదు - ఇన్ని తరగతుల బిళ్ళలు ఒక్క నాటితో ద్రవ్యత్వమును కోల్పోయి లోహమాత్రముగ మిగిలినవి. వీనిలో మూడు పైసల బిళ్ళను ముద్రించుట 1971తోనే ఆగిపోయినను చట్టము దృష్టిలో అదియు అంతవరకు సజీవమే. సంతలో ఎవ్వరును అందుకొనని నాణెమునకు ఇన్నేండ్ల పిదప మరణశాసనము వ్రాయుట ప్రభుత్వములకే చెల్లిన లాంఛనము.

నెల్లూరు జిల్లా పడమటి భాగము, ఉదయగిరి దుర్గము మొదలుకొని ఆత్మకూరు వరకును వ్యాపించిన మెట్టసీమ, పెన్నా డెల్టావలె మడికట్లతో తులతూగునది కాదు. వానను నమ్ముకొని బ్రతుకు ఈ పల్లెలలో చిల్లర డబ్బును చిన్నచూపు చూచుట ఆచారము కాలేదు. అందుచేతనే ఇచ్చటి పాతయిండ్ల అటకలమీద, పోపుడబ్బాల అడుగున, పసుపుగుడ్డల ముడులలో నేటికిని చెల్లని బిళ్ళలు దొరకుచునేయున్నవి. చూచినవారు దీనిని లోభమందురు. నేనట్లు తలంపను. లాభము గోరి నాణెమును దాచువాడు అందలి లోహమును చూచి దాచును. ఈ సీమలో మిగిలిన పైసల వెనుక అట్టి తలంపు కానరాదు.

లోహమునకై దాచుట ఎట్టిదో తెలియవలెనన్న వెండి రూపాయి కథ చూడవలెను. విక్టోరియా రాణి బొమ్మగల రూపాయి సరిగా ఒక తులము తూగును. అందు పండ్రెండు పాళ్ళలో పదునొకండు పాళ్ళు వెండి. రెండవ ప్రపంచయుద్ధకాలమున జనులు కాగితపు నోటును నమ్మక వెండి రూపాయలను మూటలుగట్ట మొదలిడగా, 1940 జూన్‌లో దొరతనమువారు భారతరక్షణ నిబంధనల క్రింద అవసరమునకు మించి నాణెములను కూడబెట్టుట నేరమని శాసించిరి. ఆ యేడే రూపాయిలోని వెండిని సగమునకు దించిరి. 1941 మార్చి 31తో రాణి రూపాయి చెల్లుబడి ముగిసినది. ఫలితమేమన, కొత్త రూపాయి సంతకు పోయినది, పాత రూపాయి కంసాలి కుంపటికి పోయి కాలి కడియముగను మొలత్రాడుగను మారినది. హీనలోహపు నాణెము శ్రేష్ఠలోహపు నాణెమును చెలామణి నుండి తరుమునన్న సూత్రమునకు గ్రెషామను పదునారవ శతాబ్దపు ఆంగ్లేయ వర్తకుని పేరు పెట్టిరి గాని, ఆ పేరు విననైన వినని మెట్టసీమ గృహిణులు దానిని ఆచరణలో చక్కగ నెరుగుదురు.

ఇంతకంటె ప్రాచీనమైన నిదర్శనము నెల్లూరు చేరువనే కలదు. 1786 ప్రాంతమున ఒక రైతు పొలము దున్నుచుండగా నాగలి ఇటుకకట్టడమునకు తగిలినది. త్రవ్విచూడగా చిన్న దేవాలయపు శిథిలములు, వాని క్రింద ఒక చిన్న కుండ, కుండలో రోమక చక్రవర్తుల బంగారు నాణెములు! ట్రాజాను, హేడ్రియను, ఫాస్టీనా రాణి - క్రీస్తుశకము రెండవ శతాబ్దపు ముఖములు. రైతునకా ముఖములతో పనియేమి? పాత బంగారముగ అమ్మివేసినాడు. కొన్నవారు వానిలో అనేకము కరిగించివేసిరి. ఆర్కాటు నవాబు కుమారుడగు అమీరుల్ ఉమరా ముప్పదికి పైగా చేజిక్కించుకొనెను. మద్రాసు గవర్నరుగా నుండిన అలెగ్జాండరు డేవిడ్‌సను వానినుండి రెండు నాణెములను ఏరుకొని, 1787లో ఈ వృత్తాంతమును లేఖగా వ్రాయగా, కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీవారు తమ పరిశోధన సంపుటమున ప్రకటించిరి. కొన్ని నాణెములు టంకశాలనుండి నిన్ననే వెలువడినట్లు క్రొత్తగా నుండెననియు, కొన్ని అరిగి చిల్లులుపడి ఎవరో మెడలోనో దండకో ధరించినట్లు కనబడెననియు ఆతడు తెలిపియున్నాడు. నాణెమునకు చిల్లుపెట్టి మెడను వ్రేలాడదీయుట మన తాతముత్తాతలతో మొదలైన వేడుక కాదని దీనివలన తేలుచున్నది.

ఉదయగిరికి నాణెముతో వేరొక సంబంధము కలదు, ప్రసంగవశమున చెప్పకుండలేను. 1514లో శ్రీకృష్ణదేవరాయలు దీర్ఘమైన ముట్టడి సాగించి ఈ దుర్గమును గజపతుల నుండి కైవసము చేసికొని, ఇచ్చటి బాలకృష్ణుని విగ్రహమును విజయనగరమునకు గొనిపోయి గుడి కట్టించి ప్రతిష్ఠించెను. రాయల బంగారు వరాహముపై ఆసీనుడైన బాలకృష్ణుని బొమ్మ ఆ విజయమునకు స్మారకమని పెక్కండ్రు చరిత్రకారుల మతము. దుర్గములోని దేవుడు కొండ దిగి, మూడున్నర గ్రాములైన తూగని బంగారు బిళ్ళపై వెలసి, నేడు నాణెముల సేకర్తలకు ప్రాణప్రదుడైనాడు. మెట్టసీమవారి యిండ్లలో మిగిలినది మాత్రము ఆ వరాహము కాదు, అల్యూమినియపు పైస.

పైస పుట్టుకలోనే ఒక చిక్కుండెను. 1957 ఏప్రిల్ 1న దశాంశపద్ధతి వచ్చువరకు రూపాయికి పదునారణాలు, అణాకు పండ్రెండు దమ్మిడీలు. నాటినుండి రూపాయికి నూరు నయాపైసలు. అణా ఒక్కటికి ఆరుంబావు రావలసియుండగా, పావు పైస లేదు గనుక ఆరే కట్టిరి. పదునారు అణాబిళ్ళలను ఒక్కొక్కటిగ మార్చుకొన్నవానికి తొంబదియారు పైసలు, ఒక్కమారుగ మార్చుకొన్నవానికి నూరు! చిల్లరను వెంటవెంటనే వదలుకొనక పోగుచేసి మార్చుకొనుట మేలను పాఠమును ప్రభుత్వపు పట్టికయే ఊరూర చెప్పినది.

నయాపైస మొదట కంచుతోను, పిదప నికెలు కలిసిన ఇత్తడితోను, 1965 నుండి అల్యూమినియముతోను తయారైనది. ఈ క్షయక్రమమునకు ఒక అపవాదముగ, 1968 మొదలు 1971 వరకు ముద్రితమైన ఇరువది పైసల బిళ్ళ రాగి హెచ్చుగా గలదై, పసుపువన్నెతో మెరయుచు, నడుమ తామరపూవును ధరించి వచ్చినది. తామర లక్ష్మీస్థానము గదా యని దానిని ఖర్చుపెట్టక పూజాపీఠమున నుంచుకొన్న యిండ్లు కలవు. చిల్లర నాణెములను కూడబెట్టి కరిగించుట ప్రబలగా, వానికొరకే 1971లో చిల్లర నాణెముల నేరముల చట్టమొకటి చేయవలసివచ్చెను.

కరిగించినవారి లెక్క ఏమో చూతము. అల్యూమినియపు ఒక పైస బిళ్ళ ముప్పాతిక గ్రాము తూగును. 1,333 బిళ్ళలు చేరినగాని కిలో కాదు, వాని ముఖవిలువ 13 రూపాయల 33 పైసలు. 2011లో కిలో అల్యూమినియము వెల నూరు రూపాయలకు పైమాట. ఐదు పైసల బిళ్ళ ఒకటిన్నర గ్రాము గనుక కిలోకు ముఖవిలువ 33 రూపాయలు. ఇదియు కరగుటకు తగినదే. ఖడ్గమృగము బొమ్మగల ఉక్కు పావలా సంగతి వేరు: 2.83 గ్రాముల చొప్పున కిలోకు 353 బిళ్ళలు, ముఖవిలువ 88 రూపాయలు. పాతసామాను కొట్టులో ఉక్కుకు అంత వెల యెవ్వడిచ్చును? కనుక పావలా కరగక నిలిచినది. అమెరికాలో 1982కు ముందటి సెంటునందు నూటికి తొంబదియైదు పాళ్ళు రాగి యుండుటచే వానిని ఏరి దాచువారు బయలుదేరగా, 2006లో అచ్చటి ప్రభుత్వము కరిగించుటను నిషేధించినది. తుదకు 2025 నవంబరులో ఫిలడెల్ఫియా టంకశాలలో సెంటు ముద్రణమే నిలిపివేసిరి. మన దేశమున 2011 నాటి నాణెముల చట్టము, నాణెమును కరిగించుటకును, ముఖవిలువకు మించి అమ్మవలెనను తలంపుతో మితిమించి కూడబెట్టుటకును ఏడు సంవత్సరముల వరకు చెరసాలను విధించుచున్నది.

ఇక పడమటి మెట్టకు వత్తము. ఉదయగిరి నుండి జిల్లాకేంద్రము సుమారు నూరు కిలోమీటర్లు. చిల్లర డిపో గల శాఖ తన ఊర లేని కూలివాడు పండ్రెండు రూపాయల పైసలను మూటగట్టుకొని బస్సెక్కినచో ఆ మూట చార్జీకే చాలదు, ఆనాటి కూలియు పోవును. ఆతడు ఇల్లు కదలకుండుట అజ్ఞానము కాదు, అచ్చమైన అర్థశాస్త్రము. అదిగాక, సర్కారు చెల్లవనుటకు ఎంతయో ముందే అంగడి ఈ బిళ్ళలను వెలివేసినది. దుకాణదారు చిల్లరకు బదులు చాక్లెట్టో అగ్గిపెట్టెయో చేత పెట్టును. కండక్టరు "చిల్లర లేదబ్బయా, దిగేటప్పుడు తీసుకో" అని టిక్కెట్టు వెనుక బాకీ గీకి యిచ్చును. అర్ధరూపాయి నేటికిని చట్టరీత్యా చెల్లును. పది రూపాయల మొత్తము వరకు అర్ధరూపాయి బిళ్ళలతోనే చెల్లింపవచ్చునని చట్టము స్పష్టముగ చెప్పుచున్నది. ఆత్మకూరు బస్టాండులో ఇరువది అర్ధరూపాయలు పోసి కాఫీ అడుగు సాహసికి చట్టమెంతవరకు తోడువచ్చునో చెప్పజాలను. వింతయేమన, నాణెము పోయినను దాని లెక్క పోలేదు. నూటికి నెలకు పావలా, అనగా ఏడాదికి మూడు రూపాయలు - ఈ పావలా వడ్డీయే 2004 తరువాత మహిళాసంఘముల ఋణములకు ప్రభుత్వ పథకమై వెలసినది.

మిగిలిన మూటలలో అన్నిటికంటె విచిత్రమైనవి ముడుపులు. బిడ్డకు జ్వరము వచ్చినను, ఈనవలసిన గేదె కష్టపడినను, తల్లి పసుపునీట ముంచిన గుడ్డలో ఒక బిళ్ళ పెట్టి, ఏడుకొండలవానిని తలంచి ముడివేసి దేవుని పటము వద్ద ఉంచును. కొన్ని యిండ్లలో శనివారము శనివారము నామము దిద్దిన డబ్బాలో ఒక్కొక్క బిళ్ళ వేయుదురు. ఆపద గడచిన పిమ్మట తిరుమలకు పోయి హుండీలో అర్పింపవలెను. ఈలోపుగా ఇంట ఉప్పుకు కొరతవచ్చినను ఆ ముడి విప్పరు. ప్రయాణమునకు డబ్బు చేరక ఏండ్లు గడచును. మ్రొక్కిన తల్లి గతించును. కోడలు ఆ మూటను అట్లే కాపాడును. 2011లో ఇట్టి మూటలకు ధర్మసందేహము పుట్టినది. మ్రొక్కినది విలువకు గనుక మార్చి రూపాయలు వేయవచ్చునని కొందరు, దేవునికి చూపినది ఆ బిళ్ళనే గనుక దానినే వేయవలెనని కొందరు. రెండవ పక్షమువారు ముడి విప్పలేదు. చట్టము చెల్లదన్న పావలా వారి దృష్టిలో తీర్చవలసిన ఋణముగ నిలిచియేయున్నది. దీనిని లోభమనుట ఎట్లు?

పిల్లల మొలత్రాటికి దృష్టిదోషము తగులకుండ కట్టిన చిల్లికాని యొకటి. 1943 నుండి 1947 వరకు, యుద్ధకాలపు లోహపు కరవున, నడుమ పెద్ద చిల్లుతో ముద్రించిన కంచు నాణెమది. నెల్లూరు రైతునకు దొరకిన రోమక నాణెములకు ఎవరో చిల్లు పొడువవలసివచ్చెను, దీనికి ఆ శ్రమయు లేదు. శవయాత్రలో మరమరాలతో కలిపి చల్లిన చిల్లర, ఏఎస్ పేట దర్గాలో యాత్రికులు వేసిన చిల్లర, పెన్న దాటునప్పుడు చేతులు జోడించి నీట విసరిన చిల్లర - వీనిలో ఏదియు బ్యాంకునకు తిరిగిరాలేదు. వంతెనల క్రింద త్రాటికి అయస్కాంతము కట్టి లాగు కుర్రవాండ్రకు ఉక్కు పావలాలు చిక్కును. అల్యూమినియపు పైసలను అయస్కాంతము అంటదు గనుక అవి ఇసుకలోనే పడియుండును.

ఇటీవల ఈ మూటలమీద వేరొక విధమైన కన్ను పడినది. ఖడ్గమృగపు పావలాకు లక్షలిత్తుమనియు, వైష్ణోదేవి బొమ్మగల ఐదు రూపాయల బిళ్ళకు అంతకు మించి యిత్తుమనియు సెల్‌ఫోనులలో ప్రకటనలు వచ్చును. అడిగినచో ముందుగా కమీషనో పన్నో కట్టుమందురు. కట్టినవారు మరల ఆ గొంతు వినరు. తన పేరు వాడుకొని ఇట్టి వ్యాపారము చేయుచున్నవారితో తనకు సంబంధము లేదనియు, పాత నాణెముల క్రయవిక్రయములకై తానెన్నడును రుసుము అడుగదనియు 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు బహిరంగముగ హెచ్చరించినది. కోట్లకొలది ముద్రితమైన నాణెమునకు లక్షలు పలుకుట యెట్లని ఒక్క క్షణము యోచించిన చాలును.

సేకర్తలు నిజముగ చూచునది వేరు. బిళ్ళమీద సంవత్సరము క్రింద భూతద్దముతో చూచినచో, చిన్న నక్షత్రముండిన హైదరాబాదు టంకశాలది, వజ్రపుగుర్తుండిన ముంబయిది, గుండ్రని చుక్క యుండిన నోయిడాది, ఏ గుర్తును లేనిచో కలకత్తాది. సంవత్సరము, గుర్తు, అరగని అంచు - ఈ మూడును చేరి, ఆ కూడిక అరుదైనప్పుడే ధర పలుకును. తామర బిళ్ళ కనబడగనే చింతపండుతో తళతళలాడ తోముట మన గృహిణుల అలవాటు. తోమిన నాణెముపై గీతలుపడి, సహజమైన పొర పోయి, ఎరిగిన సేకర్త దానిని ప్రక్కకు నెట్టివేయును. పసుపుమూటలో ఎవ్వరును ముట్టక నలువదియేండ్లు పడియున్న బిళ్ళనైతే చేతిలోనికి తీసికొని రెండుమారులు చూచును.