మనసు పట్టనప్పుడు



సందెవేళ పిల్లవాడు ఊరికే ఏడుస్తున్నాడనుకోండి. పాలు తాగడు, చంకలో ఉండడు, కింద దించితే ఊరుకోడు. అప్పుడు మన ఇళ్ళల్లో ఏం చేస్తాం? గుప్పెడు ఉప్పు, నాలుగు ఎండుమిరపకాయలు చేతిలోకి తీసుకుని మూడుసార్లు తిప్పి నిప్పుల్లో వేస్తాం. లేదంటే పళ్ళెంలో పసుపు నీళ్ళు పోసి, చిటికెడు సున్నం కలిపి, ఎర్రనీళ్ళతో దిష్టి తీస్తాం. (పసుపు నీళ్ళు ఎర్రబడటానికి దిష్టి కారణం కాదు సుమండీ! పసుపుకు క్షారం తగిలితే వచ్చే రంగే అది. పసుపు మరకపడ్డ జాకెట్టుకు సబ్బు రాస్తే ఎర్రబడటం మనమందరం చూసిందే.)

ఈ మధ్య ఇదే పని కొత్త పేర్లతో మన వాడలకు వచ్చింది. రెయికీ అంటున్నారు, ప్రాణిక్ హీలింగ్ అంటున్నారు. రెయికీని మికావో ఉసుయి అనే ఆయన 1922లో జపానులో మొదలుపెట్టాడు. ప్రాణిక్ హీలింగ్‌ను ఫిలిప్పీన్స్‌కు చెందిన చోవా కోక్ సుయి ప్రచారంలోకి తెచ్చాడు. చేతులు ఆనించి, లేదా ఆనించకుండానే, మన ఒంటిలోని శక్తిని సరిచేస్తామంటారు. దూరాన కూర్చుని ఫోనులోనే శక్తి పంపుతామనే వాళ్ళూ ఉన్నారు. తీరిక లేని తల్లులకు ఇది బాగా పనికొస్తుందట. “మీ అంతర్వాణిని నమ్మండి, తల్లి మనసుకు అన్నీ తెలుస్తాయి” అని కూడా చెబుతున్నారు.

తీరిక లేని తల్లులంటే మనమే కదా! ఆయనది ఫస్టు షిఫ్టు అయితే నాలుగింటికే లేచి క్యారేజీ కట్టాలి. నైట్ షిఫ్టు అయితే పగలంతా పిల్లలు చప్పుడు చేయకుండా చూసుకోవాలి. ఇప్పుడు గనిలోకి ఉద్యోగానికి పోయే ఆడపిల్లలూ ఉన్నారు, వాళ్ళకు రెండు షిఫ్టులు. ఇంత అలసటలో ఎవరైనా వచ్చి “కాసేపు కళ్ళు మూసుకో అమ్మా, తల మీద చెయ్యి పెడతాను” అంటే ఎవరికి చేదు?

చెయ్యి పెడితే హాయిగా ఉంటుందన్నది నిజమే. పిల్లవాడిని ఒడిలోకి తీసుకుని, దీపం తగ్గించి, నెమ్మదిగా చెయ్యి తిప్పుతూ ఉంటే వాడి ఏడుపు తగ్గుతుంది. అమ్మ ఒంటి వెచ్చదనం, తెలిసిన గొంతు, ఇంట్లో హడావిడి ఆగిపోవడం, వీటితోనే సగం నెమ్మది వస్తుంది. దిష్టి తీసిన తరువాత పిల్లలు నిద్రపోవడానికి కారణం ఇదే. మరి ఆ చేతుల్లోంచి కంటికి కనపడని శక్తి ఏదైనా బయటికి వస్తుందా? దీన్ని అమెరికాలో ఒక చిన్నపిల్ల పరీక్షించింది.

ఆ పిల్ల పేరు ఎమిలీ రోసా. అప్పుడు తొమ్మిదేళ్ళది, బడిలో సైన్సు ప్రదర్శన కోసం చేసింది. రోగి ఒంటి చుట్టూ ఉన్న శక్తి తమ చేతికి తగులుతుందని చెప్పే వైద్యులు అక్కడ ఉన్నారు. అట్లాంటి 21 మందిని కూర్చోబెట్టి, మధ్యలో అట్ట అడ్డుపెట్టి, రెండు చేతులూ కంతల్లోంచి చాచమంది. నాణెం ఎగరవేసి, బొమ్మా బొరుసును బట్టి వాళ్ళ ఎడమ చేతి మీదనో కుడి చేతి మీదనో తన చెయ్యి కాస్త ఎత్తున పట్టింది. ఏ చేతి దగ్గర ఉందో చెప్పండి అంది. మొత్తం 280 సార్లు అడిగితే 123 సార్లు సరిగా చెప్పారు. కళ్ళు మూసుకుని ఊహించినా దాదాపు 140 సార్లు సరిపోవాలి! 1998లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఆ పరీక్షను అచ్చువేసింది.

అయితే పోనిద్దురూ, హాయిగా ఉంటే చాలదా, నష్టమేముంది అనవచ్చు మీరు. చేతులు తిప్పడం వల్ల నష్టం లేదు, ఆ తిప్పే వేళలో గడిచిపోయే గంటలవల్ల ఉంది. నా అనుభవం చెబుతాను.

మా చిన్నవాడు పుట్టిన మూడోనాడు ఇంటికి తెచ్చుకున్నాం. కాస్త పచ్చగా ఉన్నాడు. ముందు చూపించిన చోట “పసిపిల్లలు అట్లాగే ఉంటారమ్మా, ఎండ చూపించు” అని పంపించారు. ఇరుగుపొరుగు వాళ్ళు ఫలానా ఊళ్ళో కామెర్లకు పసరు పోస్తారని, మంత్రం వేస్తారని చెప్పారు. మా అత్తమ్మ దిష్టి తీసింది. వాడు పడుకున్నాడు. అందరూ “చూశావా, నిమ్మళించాడు” అన్నారు. నాకు మాత్రం మనసు పట్టలేదు.

ఎందుకు పట్టలేదో అప్పుడు నాకే తెలియదు. తరువాత ఆలోచిస్తే తట్టింది. మా క్వార్టర్లకు ఓపెన్‌కాస్టు బ్లాస్టింగు చప్పుడు వినిపించేది, కిటికీ తలుపులు గలగలమనేవి. వచ్చిన రోజు ఆ చప్పుడుకు వాడు రెండు చేతులూ చాచి ఉలిక్కిపడ్డాడు. మరునాడు అదే చప్పుడుకు కదల్లేదు. పాలకు లేపినా రెండు గుక్కలు తాగి మళ్ళీ మూసుకునేవాడు. ఏడుపు కూడా సన్నగా వచ్చింది. ఇవన్నీ నా కంటికీ చెవికీ తెలిశాయి గాని మాటగా రాలేదు.

“అత్తమ్మా, నా పానం నిమ్మళం లేదు, దవాఖానకు పోదాం” అన్నాను. ఆమె ఒక్క నిమిషం నా ముఖం చూసి, “పోదాం తియ్యి బిడ్డా, పసరు సంగతి అటెన్క చూద్దాం” అంది. పెద్ద దవాఖానలో రక్తం తీసి చూశారు. బిలిరుబిన్ హద్దు దాటిపోయింది. మూడు రోజులు నీలం దీపాల కింద పెట్టారు. ఇంకా ఆలస్యం చేసి ఉంటే మెదడుకు దెబ్బ తగిలేదని, వినికిడి పోయేదని డాక్టరమ్మ చెప్పింది.

పుట్టిన పిల్లల్లో సగం మందికి పైగా మొదటి వారంలో కాస్త పచ్చబడతారు. పుట్టినప్పుడు ఎక్కువగా ఉన్న ఎర్రకణాలు విరిగి, ఆ విరిగినదాన్ని బయటికి పంపే పని కాలేయానికి ఇంకా పూర్తిగా చేతకాకపోవడం దీనికి కారణం. చాలామందికి దానంతట అదే తగ్గుతుంది. పసరు పోసినవాడికి పేరు రావడానికి కారణం ఇదే. పెద్దవాళ్ళలో కలుషితమైన నీళ్ళ వల్ల వచ్చే కామెర్లు కూడా చాలావరకు కొన్ని వారాల్లో తగ్గిపోయేవే. తగ్గే జబ్బుకు ఎవరు ఏం చేసినా వాళ్ళదే గొప్ప! తగ్గనిదాని దగ్గరే ప్రమాదం. పుట్టిన 24 గంటల లోపల పచ్చబడినా, పచ్చదనం అరచేతులకూ అరికాళ్ళకూ దిగినా, బిడ్డ పాలకు లేవకపోయినా ఆగకూడదు. తల్లిది ఓ గ్రూపు రక్తమైనా, నెగటివ్ గ్రూపు అయినా ముందే చెప్పి ఉంచాలి. రెండు వారాలు దాటినా పచ్చదనం పోక, దొడ్డి సుద్దలాగా తెల్లగా వస్తుంటే అది మరో జబ్బు, దానికి ఆపరేషను త్వరగా కావాలి.

ఆ నీలం దీపాల కథ మీకు చెప్పి తీరాలి. 1956 వేసవిలో ఇంగ్లాండులోని రోచ్‌ఫర్డ్ ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు ఉండేది. నెలలు నిండని పిల్లలకు వేడి గదికంటే గాలీ ఎండా మంచివని ఆమె నమ్మకం. ఎండ ఉన్న రోజున పిల్లలను ముంగిట్లోకి తీసుకుపోయేది. ఒకరోజు జంకుతూ జంకుతూ డాక్టర్లకు ఒక బిడ్డను చూపించింది. ఒళ్ళంతా పచ్చదనం తగ్గింది గాని ఒకచోట ముక్కోణం లాగా చిక్కటి పసుపు ఉంది. ఏదైనా మందు పూశావా అని అడిగారు. కాదండీ, అక్కడ దుప్పటి కొన కప్పి ఉంది, మిగతా ఒంటికి ఎండ తగిలింది అంది. కొన్నాళ్ళకు కిటికీ దగ్గర ఎండలో మరచిపోయిన రక్తపు గొట్టంలో బిలిరుబిన్ తగ్గిపోయి కనిపించింది. రెండూ కలిపి చూసి, దీపాలతో పరీక్షలు చేసి, డాక్టర్ క్రెమర్ తదితరులు 1958లో లాన్సెట్ పత్రికలో ప్రకటించారు. నీలి వెలుతురు తగిలితే చర్మంలోని బిలిరుబిన్ ఆకారం మారి, కాలేయం మీద భారం పడకుండా బయటికి పోతుందని తరువాత తేలింది.

మరి ఇంటి ఎండ చాలదా? చాలదు. కిటికీలోంచి వచ్చే ఎండ ఎంత పడిందో కొలవలేం, ఎక్కువైతే పసి ఒళ్ళు కమిలిపోతుంది, గుడ్డలు తీస్తే చలి పడుతుంది.

సిస్టర్ వార్డ్‌కు తోచింది కూడా అంతర్వాణే కదా! కాకపోతే ఆమె దాన్ని పదిమందికి చూపించింది, వాళ్ళు పరీక్షించారు. తల్లి మనసూ ఇంతే. మనకు ఎక్కడినుంచో కబురు రాదు. రోజుకు ఇన్నిసార్లు ఎత్తుకుని, కడిగి, పాలిచ్చే చేతులకు బిడ్డ మామూలు ఎట్లా ఉంటుందో తెలుసు. ఆ మామూలు తప్పగానే మాటకంటే ముందు గుండెకు తెలుస్తుంది. వైద్యులు కూడా దీన్ని తీసిపారేయడం లేదిప్పుడు. ఇంగ్లాండులో మార్తా అనే పదమూడేళ్ళ పిల్ల 2021లో ఆసుపత్రిలోనే చనిపోయింది. తల్లిదండ్రులు ఆందోళన చెబుతూనే ఉన్నా పట్టించుకోలేదు. ఆ తల్లి పోరాడితే, 2024 నుంచి “మార్తా నియమం” అమలు చేయడం మొదలుపెట్టారు. బిడ్డ పరిస్థితి దిగజారుతోందని ఇంటివాళ్ళకు అనిపిస్తే, వేరే వైద్య బృందాన్ని వెంటనే పిలిపించుకోవచ్చు.

మన దగ్గర అట్లాంటి నియమం లేకపోయినా నోరుంది కదా. “ఎందుకో భయంగా ఉందండీ” అంటే ఎవరైనా “ఏం కాదులేమ్మా” అంటారు. అదే “నిన్నటిదాకా చప్పుడుకు ఉలిక్కిపడేవాడు, ఇవాళ కదలడం లేదు, పొద్దుటినుంచి రెండుసార్లే పాలు తాగాడు, ఉచ్చ పోసి ఆరు గంటలైంది” అని చెప్పండి, డాక్టరు స్టెతస్కోపు అందుకుంటారు. ఆశా కార్యకర్త బాలింతల ఇళ్ళకు వచ్చినప్పుడు ఆమెకూ ఇట్లాగే చెప్పండి. ఆమె వచ్చేది బిడ్డను చూడటానికే, సంతకం కోసం కాదు.

ఇంకొక మాట కూడా చెప్పాలి, కష్టమైనా. మనసుకు తోచినదల్లా నిజం కాదు. నిద్ర లేక, ఆయన రాత్రి డ్యూటీలో ఉండి, ఒంటరిగా ఉన్న ఇంట్లో ప్రతి గంటా గుండె దడదడలాడుతుంటే, బిడ్డ మాత్రం ఆడుకుంటూ పాలు తాగుతూ ఉంటే, బాగా లేనిది మనకు. బాలింతల్లో ఇది చాలామందికి వస్తుంది. గాలి సోకిందని తాయెత్తు కట్టించుకుంటే పోదు. టెలి మానస్ అని 14416 నంబరుకు ఫోను చేయవచ్చు, ఖర్చు లేదు, తెలుగులో మాట్లాడతారు. అనుమానంగా ఉంటే మటుకు బిడ్డనే ముందు చూపించండి. ఒట్టి పుణ్యానికి దవాఖాన చూసి వచ్చినందుకు నవ్వితే నవ్వనీయండి.

దగ్గూ జలుబూ ఉన్న పిల్లకు ఎగశ్వాస అనిపిస్తే చూపుతో వదిలేయకండి, లెక్కపెట్టండి. పిల్ల ఏడవకుండా నెమ్మదిగా ఉన్నప్పుడు అంగీ పైకెత్తి, పొట్ట ఎన్నిసార్లు లేస్తుందో నిండా ఒక నిమిషం చూడాలి. రెండు నెలల లోపు పిల్లకు 60, ఏడాది లోపు పిల్లకు 50, అయిదేళ్ళ లోపు పిల్లకు 40, అంతే లేదా అంతకన్నా ఎక్కువ వచ్చినా, డొక్కలు లోపలికి గుంజుకుపోతున్నా తెల్లారేదాకా ఆగవద్దు. ఏమీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కడం, ఫిట్స్ రావడం, లేపినా మబ్బుగా పడి ఉండడం, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా వెంటనే 108కు ఫోను చేయండి.

బండి వచ్చేలోపల పెద్దవాళ్ళు దిష్టి తీస్తామంటే తీయనీయండి. మా అత్తమ్మ ఆనాడు వాకిట్లో బండి ఆగి ఉండగానే వాడి చుట్టూ ఉప్పు తిప్పింది. మూడు రోజుల తరువాత తెల్లగా తేలిన బిడ్డను గడప దాటించేముందు మళ్ళీ ఎర్రనీళ్ళు తిప్పి పారబోసింది. ఆ సాయంత్రం బ్లాస్టింగు చప్పుడుకు వాడు కెవ్వుమని లేచాడు. పాలకోసం లేపే పని లేకుండా పోయింది.